పదిహేడో నంబరు గవ్వ

ఐసు బండి ఆమెను దాటి పోయి, ఏమనుకుందో ఏమో, యాభై గజాల అవతల ఆగి, మూలుగుతూ వెనక్కొచ్చింది. వెనక తలుపు సందులోంచి నీళ్లు కారుతున్నాయి. పన్నెండున్నర ఎండ. వంతెన మరమ్మతు వల్ల బస్సులన్నీ బారులు తీరి ఆగిపోయిన రోడ్డు. ఒక చేత్తో సముద్రపు నీళ్లు పోసి మూత బిగించిన గాజు సీసా, ఇంకో చేత్తో పొడుగాటి పట్టకారు పట్టుకుని, చంకన సంచి వేలాడేసుకుని, యాభై దాటిన ఆడమనిషి పరుగులాంటి నడకతో పోతుంటే ఎవరికైనా ఆగి అడగాలనే అనిపిస్తుంది. డ్రైవరు అడిగాడు కూడా.

"ఎక్కడికమ్మా, యుద్ధానికా?"

ఆమె నవ్వలేదు. పెద్ద నీళ్ల ట్యాంకు పక్కనున్న బడికి అంది. ఎంతసేపు పడుతుందని అడిగింది. డ్రైవరు గడ్డం గోక్కుని, వంతెన కిందనుంచి మట్టిదారి పట్టుకుంటే ముప్పావుగంట, మన టైము బాగుంటే ఇంకాస్త ముందే అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె ఎక్కి కూర్చుని, సీసాను ఒళ్లో పెట్టుకుని, తలుపు రెండుసార్లు లాగి వేసింది. ఆ తలుపు మూడోసారికి గానీ పడదని అతను చెప్పబోయేలోగా మూడోసారీ లాగింది.

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడదు. సముద్రపు ఒడ్డున ఒక పరిశోధన కేంద్రం ఉంది. అందులో బడిపిల్లలకూ చుట్టుపక్కల జనానికీ సముద్రం గురించి చెప్పడానికి ఒక చిన్న విభాగం. ఆ విభాగానికి రెండు గదులు, ఒక వ్యాను, నలుగురు మనుషులు. కాగితాల మీద ఆమె అక్కడ అటెండరు. పద్నాలుగు బడుల పిల్లలకు మాత్రం గవ్వలక్క. వాళ్ల నాన్నలూ అమ్మలూ కూడా గవ్వలక్కే అంటారు. డెబ్బై ఏళ్ల ముసలాయన ఒకాయన కూడా అక్కా అని పిలిస్తే, పోనీలే, వయసు తగ్గించుకోవాలని ఆయనకు మాత్రం ఉండదా అని ఊరుకుంది.

సరిగ్గా రెండింటికి ఆ బడిలో ఐదో తరగతి పిల్లలు గవ్వల పెట్టె తెరుస్తారు. పెట్టెలో నలభై గళ్లు, నలభై గవ్వలు. ముప్పైతొమ్మిది ఖాళీవి. పదిహేడో నంబరుది ఖాళీదో కాదో ఆమెకు తెలియదు. తెలియకుండానే దాని మీద నంబరు వేసింది. ఒంటిగంట కావస్తోంది.

ఈ నంబరు సంగతి కాస్త చెప్పాలి. ఒడ్డున కొత్త గవ్వ ఏది దొరికినా నేరుగా పెట్టెలోకి పోదు. ముందు తెల్ల సాసరులో సముద్రపు నీళ్లు పోసి అందులో ఒంటరిగా రెండు రోజులు ఉంచుతారు. లోపల ఎవరైనా ఉంటే ఆ రెండు రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు బయటికి తొంగిచూడక తప్పదు. చూస్తే, దొరికిన రాయి దగ్గరికే తీసుకెళ్లి వదిలేస్తారు. ఎవరూ లేరని తేలాక మంచినీళ్లు, ఎండ, టార్చిలైటు వేసి లోపలికి చూడటం, చివర్న నల్ల సిరాతో అడుగున నంబరు. ఈ పద్ధతి పెట్టింది ఏ శాస్త్రవేత్తో కాదు, ఆమే. నంబరు పడిందంటే ఇది ఇల్లు మాత్రమే, ఇంట్లో ఎవరూ లేరు అని ఆమె పూచీ. తొమ్మిదేళ్లలో ఆ పూచీ ఒక్కసారి తప్పలేదు.

నిన్న తప్పింది. పాత పదిహేడో గవ్వను ఏదో బడిలో పిల్లవాడు జారవిడిస్తే ముక్కలైంది. మూడు వారాలుగా ఆ గడి ఖాళీ. నిన్న తెల్లవారుజామున నీళ్లు బాగా వెనక్కి తగ్గిన వేళ రాళ్ల సందులో అలాంటిదే దొరికింది. గుడ్డలో చుట్టుకొచ్చి బల్లమీద పెట్టింది. అదే బల్లమీద ఆమె మిగతా గవ్వల మీద వెలిసిపోయిన నంబర్లను మళ్లీ దిద్దుతోంది. పద్నాలుగు, పదిహేను, పదహారు. చెయ్యి పక్కకు పోయింది, గుడ్డ మీదున్నదాన్ని తీసింది, పదిహేడు వేసింది, పద్దెనిమిదికి పోయింది. ఇరవై రెండేళ్లు గవ్వల షెడ్డులో పనిచేసిన చెయ్యి అది. మనిషి ఎక్కడున్నా చెయ్యి పనిలో ఉంటుంది. మధ్యాహ్నానికి పెట్టెకు తాళం పడింది, వ్యాను పట్టుకుపోయింది. ఈ రోజు పొద్దున సాసర్లు కడుగుతుంటే, పదిహేడు అని చీటీ అంటించి సిద్ధంగా పెట్టుకున్న సాసరు కనపడింది. చుక్క తడి లేదు. కడుగుతున్న సాసరు వదిలేసి ఫోను అందుకుంది.

బడి ఆఫీసు ఫోను మోగి మోగి ఆగిపోయింది. హెడ్‌మాస్టరుగారి సెల్లూ అంతే. బడి జరిగినంతసేపూ పంతుళ్ల ఫోన్లన్నీ, తనదీ కలిపి, బీరువాలో పెట్టి తాళం వేస్తానని ఆయన ప్రతి సభలో గర్వంగా చెప్పుకుంటాడు, జనం చప్పట్లు కొడతారు. ఆమె కూడా కొట్టింది ఒకసారి. వ్యాను డ్రైవరు దొరికాడు గానీ, పెట్టె నిన్ననే అప్పగించి సంతకం తీసుకున్నానక్కా, నేనిప్పుడు ఇంకో దిక్కున ఉన్నా అన్నాడు. వాళ్ల విభాగానికి పెద్ద, అందరూ డాక్టరమ్మ అంటారు గానీ ఆవిడ చదివింది చేపల గురించి, పడవెక్కి సిగ్నలు అందని చోటుకు వెళ్లి ఉంది. ఇక బస్సే గతి అయింది. ఆ బస్సు వంతెన దగ్గర ఆగిపోయింది.

ఐసు బండి డ్రైవరు ఇదంతా ముక్కలు ముక్కలుగా రాబట్టాడు. రాబట్టి, మెడ వెనక్కి వాల్చి నవ్వాడు.

"నత్తకా తల్లీ ఇంత హడావిడి? నత్త నుంచి తప్పించుకోవాలంటే నడిస్తే చాలదూ?"

"నడిచేవాళ్లని అదేం చెయ్యదు బాబూ. పట్టుకున్నవాళ్లనే."

అప్పుడు చెప్పింది. అది గరాటులా ఉంటుంది, ఒక కొస లావు, ఒక కొస సన్నం. షెడ్డులో గరాటు గవ్వ అనేవాళ్లు. పైన ఎవరో తీరుబడిగా కూర్చుని గీసినట్టు అందమైన వలగీతలు. ఆ అందం కోసం ఒకప్పుడు దూరదేశాల సంపన్నులు మతిపోగొట్టుకున్నారట. ఒక వేలంలో ఇలాంటి గవ్వ ధర పక్కనే ఉన్న ఒక మహా చిత్రకారుడి బొమ్మను మించిపోయిందని డాక్టరమ్మ ఒకసారి చదివి వినిపించింది. ఆ గవ్వలో ఉండే ప్రాణికి కాళ్లు లేవు, పరుగు లేదు, కాబట్టి దానికి ఒక సూది ఉంది. సన్నపు కొస నుంచి గొట్టంలాంటి మూతి చాపి, చేపను ఆ సూదితో పొడుస్తుంది. చేప అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది. ఆ విషంలో ఒక పాలు తీసి భరించలేని నొప్పులకు మందు కూడా కట్టారు. మనిషి దాన్ని అరచేతిలో పట్టుకుంటే, ఆ చెయ్యి చేప కాదని దానికెవరు చెప్పాలి?

"పొడిస్తే?" అన్నాడు డ్రైవరు. ఈసారి నవ్వలేదు.

"ముందు వేలు తిమ్మిరెక్కుతుంది. తర్వాత చెయ్యి. తర్వాత మాట ముద్దగా వస్తుంది. తర్వాత ఊపిరి."

"విరుగుడు?"

"లేదు. మిషను పెట్టి ఊపిరి ఆడిస్తూ, విషం దిగేదాకా కాపలా కాయడమే."

అన్నీ అలాంటివి కావని కూడా చెప్పింది. పురుగుల్ని తినేవి పొడిస్తే తేనెటీగ కుట్టినంతే. చేపల్ని తినేవే ప్రాణం మీదికి తెస్తాయి. నిన్న దొరికింది ఏ రకమన్నది ఆమె పొద్దుట్నుంచీ కళ్లు మూసుకుని గుర్తుచేసుకుంటోంది. ఒకసారి గీతలు దగ్గరదగ్గరగా కనపడతాయి, గుండె కుదుటపడుతుంది. మరోసారి చేపల్ని తినేవాటికి ఉన్నట్టు దూరందూరంగా కనపడతాయి. ఎన్నిసార్లు తలుచుకుంటే అన్ని రకాలుగా మారిపోతోంది ఆ గవ్వ. డ్రైవరు గేరు మార్చాడు. బండి వెనక ఐసు దిమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

గవ్వలతో ఆమె సంబంధం చిన్నప్పటిది, కానీ అది వింత సంబంధం. పన్నెండో ఏట గవ్వల షెడ్డులో చేరింది. పని గవ్వలకు బెజ్జాలు పెట్టడం. తాళంచేతుల గొలుసులకు, తలుపు తెరలకు, అద్దాల చుట్టూ అంటించడానికి. రోజుకు ఎన్ని వేలో. చేతికి తగిలితే చాలు, ఏ రకమో, ఎంత మందమో, ఏ కొస పగులుతుందో చెప్పేసేది. ఇరవై రెండేళ్ల తర్వాత షెడ్డు మూతబడింది. అన్నాళ్లలో ఒక్కటంటే ఒక్క బతికున్న గవ్వను చూడలేదు. సముద్రం షెడ్డు నుంచి పావుగంట నడక. అయినా చూడలేదు. బియ్యం కొట్టులో పనిచేసేవాడు వరిచేను చూడనట్టు. కేంద్రంలో నేలలు తుడవడానికి చేరిన కొత్తలో, ఒక తొట్టిలో నత్త ఒకటి తన ఇంటిని వీపున మోసుకుంటూ అద్దం మీద పాకుతుంటే చూసి, చీపురు పట్టుకుని నిలబడిపోయింది. అంతకాలం తాను బెజ్జాలు పెట్టింది ఇళ్లకని ఆ రోజు తెలిసింది. ఇంటికెళ్లి మొగుడితో చెప్తే ఆయన, అయితే ఇప్పుడేం చేద్దామంటావు, అద్దె కట్టేద్దామా అన్నాడు. ఆయన దర్జీ. మాటలు కూడా కొలత చూసుకుని కత్తిరిస్తాడు.

పిల్లలకు సముద్రాన్ని ఎలా చూపించాలన్నది కేంద్రంలో ఎప్పుడూ ఉండే తలనొప్పి. బొమ్మలు చూపిస్తే ఆవలిస్తారు. ఒడ్డుకు తీసుకొస్తే అలలో దూకుతారు. గవ్వలక్క ఒక ఉపాయం చెప్పింది. మనం చెప్పొద్దు, వాళ్లనే చెప్పమందాం. కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టాలి. ఒక గవ్వను పట్టుకోవాలి. చూడకుండా, ఆ గవ్వలో ఉన్న ప్రాణి ఎలా బతికి ఉంటుందో చేత్తోనే ఊహించి చెప్పాలి. నున్నగా ఉందా, అయితే ఇసకలోకి దూరేదేమో. ముళ్లున్నాయా, అయితే ఎవరికో భయపడేది. మొగుడు నల్ల లైనింగు గుడ్డతో మూడు సంచులు కుట్టిచ్చాడు, మూతికి ఎలాస్టిక్కు వేసి. ఆ సంచులు పద్నాలుగు బడులు తిరిగాయి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా సంచిలో చెయ్యి పెట్టగానే మాట్లాడటం మొదలుపెట్టేవారు. కిందటి నెలలో ఒక్కో బడి నుంచి ఒక్కో సైన్సు మాస్టరును పిలిచి ఆ ఆట ఎలా ఆడించాలో ఆమే నేర్పింది. గట్టిగా పట్టుకోనివ్వండి మాస్టారూ, అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. వేళ్ల కొసలతో కాదు, గుప్పిటతో పట్టుకుంటేనే తెలుస్తుంది.

ఆ మాట ఇప్పుడు బండి ఇంజను చప్పుడులో కలిసి చెవిలో మోగుతోంది. గుప్పిటతో. గుప్పిటతో.

మట్టిదారి సగంలో రోడ్డు రోలరు ఒకటి దారంతా ఆక్రమించుకుని పాకుతోంది. పక్కకు తప్పుకునే చోటు లేదు. డ్రైవరు హారను మీద చెయ్యి ఆనించి, "మీ నత్తకి చుట్టంలా ఉంది" అన్నాడు. అని, ఆమె ముఖం చూసి, పొరపాటైందన్నట్టు నాలిక కరుచుకున్నాడు. ఆమె కూతురికి ఫోను చేసింది. కూతురు ఆసుపత్రిలో నర్సు. ఊపిరి మిషను ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, అక్కడికి బడి నుంచి ఎంతసేపు అని అడిగింది. కూతురు ముందు వివరాలు చెప్పింది. పొడిచిన చోట కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, కదలనివ్వకూడదు, ఊపిరి ఆగితే నోట్లో నోరు పెట్టి ఊదుతూనే ఉండాలి, బండిలో కూడా. తర్వాత అడిగింది.

"ఎవరమ్మా నంబరు వేసింది?"

"నేనే."

ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక వినపడింది. "నువ్వా?" అంది కూతురు. కోపంగా కూడా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

రోలరువాడు ఎట్టకేలకు ఓరగా జరిగాడు. ఒంటిగంట నలభైకి బండి బడి గేటు ముందు ఆగింది. డ్రైవరు వెనక్కి చూడకుండానే, ఐసు సగానికి సగం నీరైపోయి ఉంటుంది, ఎలాగూ చేపల కొట్టాయన తిట్టకుండా వదలడు, సగం తిట్లకు బదులు మొత్తం తినేస్తే పోయె, నేనిక్కడే ఉంటా, ఆసుపత్రికి బండి కావాల్సి రావచ్చుగా అన్నాడు. ఆమె అప్పటికే దిగింది.

కాపలాదారు పుస్తకం ముందుకు తోశాడు. పేరు, వచ్చిన వేళ, వచ్చిన పని. పిల్లల ప్రాణం మీదికొచ్చిందయ్యా అంటే, అందుకేనమ్మా పుస్తకం, ఎవరు పడితే వాళ్లు వచ్చేస్తారని అన్నాడు. అతను తప్పేమీ అనలేదు. ఆమె వచ్చిన పని అన్న చోట గవ్వ అని రాసింది. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఇరవై నిమిషాలు ముందే వచ్చానన్న ధైర్యం ఒక్కటే ఆమెను మెట్లెక్కించింది.

సైన్సు మాస్టరు వరండాలోనే ఎదురయ్యాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషి, చొక్కా జేబునిండా సుద్దముక్కలు. ముఖం వెలిగిపోయింది.

"అక్కా, మీరే వచ్చారా? పిల్లలు ఆగితేనా, పొద్దున్నే మొదలెట్టేశాం. అందరూ అయిపోయారు. ఏం చెప్పారనుకున్నారు ఒక్కొక్కళ్లూ."

ఆమె గోడ పట్టుకుంది. ధైర్యమన్నది చీర కుచ్చిళ్లలా ఒక్కసారి జారింది. పట్టుకోవడానికి తీరుబడి లేదు. పెట్టె ఎక్కడుంది, సంచులెక్కడున్నాయి అంది. సైన్సు గదిలో మూడు నల్ల సంచులూ మేకులకు వేలాడుతున్నాయి. పట్టకారుతో ఒక్కో సంచి అడుగు పట్టి, ట్రేలోకి వంచింది. పెట్టెలో గళ్లు, ట్రేలో గవ్వలు, ఒకటొకటే సరిచూసింది. పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు.

మాస్టరుకు అప్పుడు చెప్పింది, నాలుగే మాటల్లో. అతను తన కుడిచేతిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నాడు. సంచుల్లో గవ్వలు నింపింది అతనే. రెండు నిమిషాలు పోయాక, అక్కా, నాకు చిటికెనవేలు ఎలాగో ఉందండీ అన్నాడు. గిల్లి చూసింది. అబ్బా అన్నాడు. అయితే నీకేం కాలేదు పద అంది.

ఐదో తరగతిలో నలభై ఒక్కమంది. భోజనాలయ్యాక మగతగా కూర్చున్నారు. ఆమెను చూడగానే గవ్వలక్క, గవ్వలక్క అని బెంచీలు చరిచారు. ఆమె నవ్వింది. ఆ నవ్వు తెచ్చుకోవడానికి ఎంత పట్టిందో ఆమెకే తెలుసు. గవ్వ ఎవరి జేబులోనో ఉండి ఉంటుంది. గట్టిగా కేకేస్తే పిల్ల గుప్పిట బిగిస్తుంది. కాబట్టి కథ చెప్పే గొంతుతోనే, అందరూ చేతులు బల్లమీద పెట్టండమ్మా, అరచేతులు పైకి అంది. ఒక్కో బల్ల దగ్గరా ఆగి ఒక్కో చేతిని చూస్తూ పోయింది. సిరా మరకలు, కొరికిన గోళ్లు, మానిన గాయం మీద కొత్త గాయం. అక్కడ చిన్న పొరపాటు చేసింది. ఎవరికైనా వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా అని అడిగేసింది.

ఒక చెయ్యి లేచింది. తర్వాత మూడు. తర్వాత ఆ వరస మొత్తం. గవ్వలక్క అడిగిందంటే అందులో ఏదో గొప్ప ఉండే ఉంటుందని పిల్లల లెక్క. ముప్పైమందికి తిమ్మిర్లు. ఒకడు తనకు రెండు కాళ్లూ కూడా తిమ్మిరిగా ఉన్నాయని లేచి కుంటి చూపించాడు. మాస్టరు ముఖం సుద్దముక్కలా అయిపోయింది. ఆమె ఒక్కొక్కరి వేలూ నొక్కుతూ, నోరు తెరిపిస్తూ, పేరు చెప్పించుకుంటూ పోయింది, మాట ముద్దగా వస్తుందేమోనని చెవి దగ్గర పెట్టి వింటూ. ఎప్పుడూ లేనిది, ఆ పిల్లల పేర్లలో ఒక్కటీ ఆమె తలకెక్కలేదు. అన్నీ ఊపిరిలాగే వినిపించాయి.

చివరి బెంచీలో కిటికీ పక్కన ఒక పిల్ల చెయ్యి ఎత్తలేదు. చేతులు బల్లమీద పెట్టలేదు కూడా. ఆ పిల్లను బడిలో సందేహాలు అని పిలుస్తారు, అడగడం మొదలుపెడితే గంట కొట్టినా ఆపదని. ఈ రోజు నోరు కుట్టేసుకుని కూర్చుంది.

"చేతులేవమ్మా?"

"నేను దొంగతనం చెయ్యలేదక్కా."

"తెలుసు. చేతులు చూపించు."

చూపించింది. తడిగా ఉన్నాయి. గవ్వలక్క ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పింది. ఎర్ర చుక్క ఎక్కడైనా ఉందా, వాపు ఉందా. పిల్ల మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. సంచిలో చెయ్యి పెడితే ఒక గవ్వ మిగతావాటికన్నా చల్లగా తగిలింది. గుడ్డతో తీసి వాసన చూసింది. మిగతావి అలమర వాసన, ఇది సముద్రం వాసన. మాస్టారికి చెప్పబోతే, ముందు నీ వంతు కానివ్వు, సందేహాలు తర్వాత అన్నారు. వంతు అయ్యాక ఎవరూ వినలేదు. బతికున్నవి సంచిలో ఉండకూడదు కదా, నీళ్లలో ఉండాలి కదా. అందుకని తన టిఫిను డబ్బాలో నీళ్లు పోసి, వంటగదిలో ఉప్పడిగి తెచ్చి, రెండు చెంచాలు వేసి కలిపి, దాన్ని అందులో వదిలింది. డబ్బా కిటికీ అరుగు మీద రుమాలు కప్పి ఉంది.

మాస్టరు, అడగకుండా ప్రదర్శన వస్తువు తీయడం తప్పు కాదా అని ఏదో అనబోయాడు. గవ్వలక్క చెయ్యెత్తి ఆపింది. పట్టకారు కొసతో రుమాలు తొలగించింది. డబ్బా అడుగున గవ్వ ఉంది. సన్నపు కొస నుంచి గొట్టంలాంటిది ఒకటి, చిటికెనవేలిలో సగం పొడవు, ఉప్పునీళ్లలో అటూ ఇటూ తారాడుతోంది. గీతలు దూరందూరంగా ఉన్నాయి. అది ఏ రకమో ఇక ఊహించుకోనక్కర్లేదు.

లావు కొస పట్టుకుని ఎత్తి, సీసాలోకి దించి, మూత బిగించేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు. బిగించాక కూడా పూర్తిగా తీసుకోలేదు. కూతురికి ఫోను చేస్తే, ఏ లక్షణమూ లేకపోయినా ఇంకో గంట కళ్లలో వత్తులేసుకుని చూడమంది. ఆ గంటంతా నలభై ఒక్కమందినీ మాట్లాడిస్తూ, నడిపిస్తూ గడిపింది. మధ్యలో ఒక పిల్లవాడికి నిద్రొచ్చి తల బల్లమీద వాలిస్తే, మాస్టరూ ఆమే ఒకేసారి అటు దూకారు. వాడు కళ్లు నులుముకుని ఏమైందన్నాడు. డ్రైవరు లోపలికొచ్చి, సీసాను దూరం నుంచే చూసి, ఇంతేనా, దీనికా నేను రోడ్డు రోలరును తిట్టింది అని గొణిగి, మిగిలిన ఐసైనా దక్కించుకుంటానని వెళ్లిపోయాడు.

అందరూ కుదుటపడ్డాక ఆ పిల్ల మళ్లీ తన పనిలో పడింది.

"మీరు చూడలేదా అక్కా, నంబరు వేసేటప్పుడు?"

తరగతి మొత్తం వింటోంది. మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. వ్యానులో తారుమారైందనొచ్చు.

"లేదమ్మా. నంబరు వేశాను. చూడలేదు."

పిల్ల తలూపింది, జవాబు దొరికినట్టు. మిగతావాళ్లు మాత్రం ఆమెను కొత్తగా చూశారు.

హెడ్‌మాస్టరుగారు బీరువా తాళం తీసి, తన ఫోనులో పద్నాలుగు మిస్డ్ కాల్స్ చూసుకున్నాడు. పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు. మంచినీళ్లు తెప్పించాడు. పెట్టెతోపాటు వెళ్లే పుస్తకం ఒకటుంటుంది. ఏ బడిలో ఏం జరిగిందో, ఏ గవ్వ పగిలిందో అందులో రాసి సంతకం పెట్టాలి. ఆమె ఆ పుస్తకం తెరవగానే ఆయన టేబులు మీదుగా కాస్త వంగాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదమ్మా అన్నాడు. రాస్తే మీ కేంద్రంవాళ్లు పెట్టె పంపడమే మానేస్తారు, అన్ని బడులకూ. తల్లిదండ్రులకు తెలిస్తే మా మీద పడతారు. పిల్లలకు ఉన్న ఒక్క ముచ్చట పోతుంది. ఒక గవ్వ పగిలిందని రాస్తే సరిపోదూ?

ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. అదే ఆమెను భయపెట్టింది. బస్సులో, ఐసు బండిలో, మెట్ల మీద కలిగిన భయం వేరు. దానికి ఒక చివర ఉంది. పిల్లలు బాగుంటే అయిపోతుంది. ఈ భయానికి చివర కనపడలేదు. తొమ్మిదేళ్లుగా నలభై గవ్వలకు అడుగున ఉన్నది తన చేతిరాత. ఇప్పుడు ట్రేలో ఉన్న ముప్పైతొమ్మిదింటినీ చూస్తుంటే, ఇందులో ఏది చూసి వేశాను, ఏది చెయ్యి వేసింది అన్నది ఆమెకే తెలియడం లేదు. ఇంకో ఊళ్లో ఇంకో పెట్టె ఉంది. అందులో మరో నలభై. కేంద్రం అలమరలో నంబర్లు వేసి ఆరబెట్టినవి మరి కొన్ని.

రాసింది. పదిహేడు, ప్రాణంతో ఉంది. రెండు రోజులు సాసరులో పెట్టకుండా నంబరు వేశాను. ఐదో తరగతి పిల్ల ఒకరు గుర్తుపట్టి వేరుచేశారు. రెండు పెట్టెల్లో అన్ని గవ్వలూ మళ్లీ పరీక్షించేదాకా పెట్టెలు ఏ బడికీ పంపవద్దు. కింద సంతకం పెట్టింది. షెడ్డులో వేలిముద్ర వేసి, కేంద్రంలో చేరాక నేర్చుకున్న సంతకం అది, ఇప్పటికీ ఒక్కో అక్షరం విడివిడిగా ఉంటుంది. హెడ్‌మాస్టరుగారు దాన్ని తలకిందులుగానే చదివి, కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు.

పెట్టెకు తాళం వేసి తాళంచెవిని మాస్టరు చేతిలో పెట్టి, వ్యాను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దంది. అతను సరేనని, ఎండ కదక్కా, గొడుగు తెస్తానుండండి, బస్టాపుదాకా నేనొస్తానని స్టాఫు గదిలోకి వెళ్లాడు. హెడ్‌మాస్టరుగారు ఎవరితోనో ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నారు. వరండా చివర సందేహాలు నిలబడి ఉంది, ఖాళీ టిఫిను డబ్బా పట్టుకుని.

"పెట్టె మళ్లీ ఎప్పుడొస్తుందక్కా?"

గవ్వలక్క ఆ పిల్ల కుడిచేతిని మరోసారి పట్టుకుంది. వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది, చిటికెనవేలి దాకా. అన్నీ వెచ్చగా ఉన్నాయి. అయినా ఇంకోసారి నొక్కింది.

తర్వాత సీసాను రెండు చేతులతోనూ ఒంటికి దూరంగా పట్టుకుని మెట్లు దిగింది. సీసాలో గొట్టం మళ్లీ బయటికొచ్చి గాజును తడుముతోంది. ఆ కాసిని నీళ్లలో అది ఎక్కువసేపు బతకదు. రాళ్ల దగ్గర పోటు ఎక్కకముందే చేరాలి, బస్సులు కదిలాయో లేదో తెలియదు. కాపలాదారు వెళ్లిన వేళ రాయమని పుస్తకం చాపాడు. ఆమె చేతులు ఖాళీ లేవు. ఆగలేదు. వెనక మాస్టరు గొడుగుతో వరండాలోకొచ్చి అక్కా అని పిలుస్తున్నాడు. ఆమె గేటు దాటి, రోడ్డు వారగా, అడుగులు చూసుకుంటూ నడిచిపోయింది.